నాలుగోది

గురువారం రాత్రి తొమ్మిది దాటితే
బైరాగిపట్టెడలో గజపతి జెరాక్సు షాపు
షట్టరు సగం దించుకుంటుంది.
లోపల మేం ముడులు విప్పుకుంటాం.

రూలు ఒకటే.
అడిగేవాళ్లు మూడు కీర్తనలు తుంచి తుంచి పాడాలి.
మూడింటినీ గుచ్చిన దారం ఏదో పట్టుకున్నవాళ్లు
దాని పేరు చెప్పకూడదు,
అదే దారానికి ఎక్కే నాలుగోది పాడాలి.
తప్పితే మిరపకాయ బజ్జీలు వాళ్ల ఖర్చు.

వకుళ వేసే ముడులు మెత్తన.
మోహనాన్ని గాంధారం మీద కూర్చోబెట్టి
ఇదే సా అనుకోండి అంటుంది.
అదే ఇల్లు, వాకిలి మారిందంతే,
హిందోళం వచ్చి తలుపు తీస్తుంది.
దేశికన్‌వి మొండివి.
మూడూ తాళం పడ్డాక అర అక్షరం ఆగి లేస్తాయి,
వాడు ఆఫీసుకి పోయినట్టు.
గజపతి ఒకసారి
చివరి చరణం ఎవరూ పాడని పాటలు మూడు తెచ్చాడు.
ఆ చరణాలు అతనికీ రావు.
ఆ రాత్రి బజ్జీలు ఎవరు కొనాలో తేలలేదు.

మొన్న నా వంతు.
ఒక హిందోళం, ఒక శ్రీరంజని, ఒక రంజని.
మూడూ శఠగోపం సార్ దగ్గర నేర్చుకున్నవే.
పంచమం గడప తొక్కని రాగాలు, అదీ నా ముడి.
లోపల్లోపల మురుస్తూ కూర్చున్నాను.

మూలన మృదంగం కుడి మూతకి కరణి వేస్తున్న చెంగల్రాయుడు
అసలు ఆటలోనే లేడు.
తలెత్తకుండా
"నాలుగోది నాకు తెల్సునమ్మా" అన్నాడు.

పాట రాదాయనకి.
జెరాక్సు మిషను మూత మీద
నల్లటి వేళ్లతో ఆదితాళం పరిచాడు.
పల్లవి నడిచింది.
అనుపల్లవి ఎత్తుకోబోయే చోట ఆగి
నాలుకతో
టిక్
అని, మళ్లీ అందుకున్నాడు.

నడక బట్టి పోల్చుకున్నాం, మోహనంలోది.
"మోహనం నిండా పంచమమే కదయ్యా!
తప్పు, బజ్జీలు తెప్పించు" అన్నాన్నేను.

"పంచమం సంగతి నాకేం తెల్సమ్మా.
నువ్వు పాడిన మూడింట్లోనూ ఈ సందు ఉండాది.
ఆయప్ప డబ్బీ తెరిచే సందు."

ఇత్తడి డబ్బీ. మద్రాసు నస్యం.
బొటనవేలూ చూపుడువేలూ కలిసి
ముక్కు దాకా వెళ్లొచ్చేంత సేపు.

కొర్లగుంటలో సార్ వరండాలో
తోలు ఆరబెట్టుకుంటూ కూర్చునేవాడు చెంగల్రాయుడు.
మేం చూసింది సార్ నోరు.
ఆయన చూసింది సార్ చేతులు.

ఆ సందుని విశ్రాంతి అనుకున్నాం మేము.
సార్ బాణీ అని నోట్సులో కామా పెట్టుకున్నాం.
నెల్లూరు పోటీల్లో జడ్జి ఒకాయన
ఆ నిలుపులో ఎంత భావమమ్మా అని
వకుళకి మెడల్ వేశాడు.
రేడియో ఆడిషన్లో నేను కళ్లు మూసుకున్నదీ అక్కడే.

దేశికన్ నవ్వు మొదలెట్టి ఆపలేకపోయాడు.
వకుళ నవ్వలేదు.
ఆ హిందోళమే ఎత్తుకుంది,
సందు పూడ్చి పాడదామని.
అనుపల్లవి తొందరపడి వచ్చి పల్లవి కాలు తొక్కింది.
మళ్లీ పాడింది, మళ్లీ తొక్కింది.

సార్ పోయి పదకొండేళ్లు.
డబ్బీ ఎవరింట్లో ఉందో తెలీదు.
పొడి మాత్రం ఇంకా పీలుస్తున్నాం,
నా దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా,
ఒక్క తుమ్మూ లేకుండా.

బజ్జీల డబ్బులు నేనే ఇచ్చాను.

షట్టరు కింద వంగి బయటికొస్తే
ఘాట్ రోడ్డు మీద బస్సొకటి దిగుతోంది.
వంపు దగ్గర దాని లైటు కొండ చాటుకి పోయింది.
పొట్లం నూనె వేళ్లకంటుతుంటే
అందరం అక్కడే నిలబడిపోయాం, మెడలెత్తి.
చెంగల్రాయుడు తొడ మీద వేలు ఆనించి
లెక్కపెడుతున్నాడు.